ఎవరూ విప్పి చూడని కట్టు

నాకు జబ్బు చేసింది ఫిబ్రవరిలో. నాకు జబ్బు చేసిందని నా చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకున్నది మార్చిలో. ఆ మధ్య గడిచిన రోజుల గురించే ఇది. ఇప్పుడు బాగానే ఉన్నాను. మెట్లు ఎక్కుతున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, తగ్గితే అసలు రాయనేమోనని అనుమానం వచ్చి ఇప్పుడే కూర్చున్నాను.

నా పేరు ప్రసన్న. మాది తెనాలి. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఒక బయోటెక్ కంపెనీలో పని చేస్తాను. మా ఆయన వంశీది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న చలికాలం మా అత్తమ్మ మా దగ్గరే ఉన్నారు. మామయ్య పోయాక కరీంనగర్‌లో బట్టల కొట్టు ఒక్కరే నడిపి, ఈ మధ్యే అమ్మేసి వచ్చారు. ఈ కథలో మేం ముగ్గురమే. మిగతావాళ్లంతా తెల్లకోట్లు.

ఫిబ్రవరి, లాంగ్ వీకెండ్

మా పెళ్లై అయిదేళ్లు అయిందని వంశీ ఒక ట్రిప్ బుక్ చేశాడు. కాస్కేడ్ కొండల్లో చిన్న ఊరు. ఆల్ప్స్ పర్వతాల్లో పల్లెలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే కట్టారు దాన్ని. ఏటవాలు కప్పులు, చెక్క బాల్కనీలు, గోడల మీద పూలతీగల బొమ్మలు, ప్రతి కొట్టు గుమ్మానికీ ఆవు మెడగంట. ఊరికి దగ్గరలోనే స్నోబోర్డింగ్ కొండ. నాకు మంచు అంటే కారు అద్దం మీద గీకి పారేసేదే తప్ప, దాంతో ఆడుకోవచ్చని ఎప్పుడూ తోచలేదు.

"మీరు పోయి రాండ్రి, నాకేం భయం లేదు. టీవీ ఉంది, వంకాయలున్నయి," అని అత్తమ్మ మమ్మల్ని సాగనంపారు.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఆట తెగ నచ్చింది. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తరువాత ప్రతి ఒక్కరూ, తెనాలిలో మా పిన్నితో సహా, "అసలు నిన్నెవరు వెళ్లమన్నారు?" అని అడిగారు. ఎవరూ చెప్పక్కర్లేదు. నేనే వెళ్లాను. మొదటి రోజంతా లేచినచోటే పడ్డాను. రెండో రోజు మధ్యాహ్నానికి రెండు కాళ్లూ బోర్డుకి కట్టుకుని, కుడికీ ఎడమకీ ఒంపులు తిరుగుతూ, ఎక్కడా ఆగకుండా కిందిదాకా దిగాను. కింద వంశీ రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. ముఖం మీద చల్లగాలి, పొడి మంచు, పైన నీలంగా ఆకాశం. ముప్పై నాలుగేళ్ల వయసులో శరీరం కొత్త విద్య నేర్చుకోవడం ఎంత బాగుంటుందో ఆ రోజే తెలిసింది.

ఇంకొక్కసారి అన్నాను. కుర్చీల లిఫ్టు పైకి చేరాక దిగేటప్పుడు ఒక కాలే బోర్డుకి కట్టి ఉంటుంది. దిగి జారుతుంటే పట్టు తప్పింది. ఒళ్లంతా ఒక వైపు తిరిగింది, బోర్డుకి కట్టి ఉన్న ఎడమ కాలు ఇంకో వైపు ఉండిపోయింది. మోకాల్లో ఏదో పుటుక్కుమంది.

కొండ మీద కాపలా తిరిగే కుర్రవాళ్లిద్దరు నన్ను స్లెడ్జి బండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, జోకులు చెబుతూ కిందికి తీసుకొచ్చారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఊళ్లో క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, లిగమెంట్ సాగిందన్నారు. తొడ మధ్య నుంచి మడమ పైదాకా బిగుతుగా ఒక బ్రేస్ కట్టారు. చంకకర్రలు ఇచ్చారు. కాలు కింద మోపొద్దు, కదపొద్దు అన్నారు. నేను గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానా అని ఎవరూ అడగలేదు. మాత్రలు వాడే మనిషి కాలు కదపకుండా ఉంటే రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు. ఒక్క వాక్యం. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

తిరుగు ప్రయాణంలో దారి మూసేశారు. కనుమ దగ్గర మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉందని కార్లన్నిటినీ ఆపేశారు. పొద్దున్న బయల్దేరితే, చీకటి పడేదాకా వెనక సీట్లో కాలు చాపుకుని కదలకుండా కూర్చున్నాను. ముందున్న పికప్ ట్రక్కులోంచి ఒక ముసలావిడ దిగి వచ్చి, కిటికీ కొట్టి, నా కాలు చూసి, "అయ్యో తల్లీ" అన్నట్టు ఏదో అని, ఫ్లాస్కు మూతలో వేడి టమాటా సూప్ పోసి ఇచ్చింది. ఆవిడ పేరు కూడా అడగలేదు. ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఫిబ్రవరి చివర

ఇంటికొచ్చాక సోఫా నా ఆఫీసు అయింది. అత్తమ్మ కాఫీ దగ్గర్నుంచి అన్నీ చేతికి అందించేవారు. మోకాలి నొప్పి తగ్గుతూ వచ్చింది. దాని బదులు కింద పిక్కలో ఇంకో నొప్పి మొదలైంది. కండరం పట్టేసినట్టు, లోపల్నుంచి ఎవరో మెలిపెడుతున్నట్టు. స్నానానికి బ్రేస్ విప్పితే ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, వెచ్చగా ఉంది.

వంశీకి చెప్పాను.

"బ్రేస్ పెట్టుకుంటే అట్లనే ఉంటది ప్రసన్నా. ఊకె దాని గురించే ఆలోచిస్తే ఎక్కువైతది," అన్నాడు లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

నా మోకాలు చూస్తున్న ఎముకల డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. నర్సు చాలా మర్యాదగా మాట్లాడింది. దెబ్బ తగిలితే వాపు సహజం, కాలు ఎత్తులో పెట్టుకోండి, ఐస్ పెట్టండి అంది. "దెబ్బ మోకాలికి కదా, వాపు పిక్కలో ఉంది" అన్నాను. నీరు కిందికి దిగుతుంది అంది. నేను రోజూ ల్యాబ్‌లో పనిచేసే మనిషిని. ఒక ఫలితం లెక్కకి సరిపోకపోతే మళ్లీ చేసి చూస్తాం మేం. నా కాలి విషయంలో మాత్రం ఎవరికీ మళ్లీ చూడాలనిపించలేదు.

మార్చి మొదటి వారం

ఒకరోజు పొద్దున్న పడగ్గది నుంచి హాల్లోకి వచ్చేసరికి ఆయాసం వచ్చింది. చంకకర్రలతో నడక కదా అని సర్దిచెప్పుకున్నాను. మర్నాడు కూర్చునే ఉన్నా ఆయాసం. గాఢంగా ఊపిరి పీలిస్తే కుడిపక్క డొక్కలో కత్తి గుచ్చినట్టు పోటు. గుండె పరిగెడుతోంది. మాట సగంలో ఆపి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

అత్తమ్మ పప్పు పోపు పెడుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. "బిడ్డా, గట్ల రొప్పుతున్నవేంది?" అన్నారు.

"ఏం లేదత్తమ్మా."

"ఏం లేకుంటే గట్లెందుకైతది?" స్టవ్ కట్టేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. కొడుకుని పిలిచారు. "దీన్ని దవాఖానకు తోల్కపో."

ముందు వీడియో కాల్‌లో ఒక డాక్టర్ దొరికాడు. పడిన షాక్ వల్ల ఆందోళన, ఇలా కావడం మామూలే, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి అన్నాడు. నెమ్మదిగా ఊపిరి తీసుకోలేకపోవడమే నా బాధ అని చెప్పాను. నవ్వాడు.

అత్తమ్మ ఊరుకోలేదు. సాయంత్రం వంశీ నన్ను దగ్గరలో ఉన్న అర్జెంట్ కేర్‌కి, ముందే చెప్పకుండా వెళ్లినా చూసే క్లినిక్‌కి, తీసుకెళ్లాడు. వెయిటింగ్ రూమ్ నిండా దగ్గే పిల్లలు. గోడ మీద టీవీలో ఎవరో వంటగది ఎలా మార్చుకోవాలో చెప్తున్నారు. చాలాసేపు కూర్చున్నాం. లోపలికి పిలిచాక రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్ వేలికి పెట్టారు. అంకె తక్కువగా వచ్చింది. "చేతులు చల్లగా ఉన్నాయి, అందుకే," అని నర్సు క్లిప్ ఇంకో వేలికి మార్చింది. అదీ తక్కువే. ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

తరువాత డాక్టర్ వచ్చాడు. మనిషి చూడటానికి మంచివాడిలాగే ఉన్నాడు. నేను మొదలుపెట్టాను: పిక్క నొప్పి, వాపు, ఆయాసం, పోటు. అతను కంప్యూటర్‌లో టైప్ చేస్తూ, నా మాట పూర్తి కాకముందే వంశీ వైపు తిరిగాడు.

"ఈ మధ్య ఈమెకి ఏమైనా ఒత్తిడి ఉందా?"

మా కంపెనీలో అప్పుడు లేఆఫ్‌లు జరుగుతున్నాయి. ఆ మాట చెప్పాడు వంశీ. వీసా సంగతీ చెప్పాడు. అక్కడితో ఆగలేదు. కాస్త నవ్వుతూ, మగవాళ్లిద్దరూ ఒక జట్టు అన్నట్టు, "ఈమె గూగుల్ కూడా ఎక్కువ చేస్తుంది," అన్నాడు.

డాక్టర్ కూడా నవ్వాడు. నా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. లంగ్స్ క్లియర్ అన్నాడు. పానిక్ అటాక్ అన్నాడు. కాలు అతనికి ఎదురుగానే ఉంది, బల్ల మీద చాపి. బ్రేస్‌కి ఉన్నవి వెల్క్రో పట్టీలు, పిల్లల బూట్లకి ఉండేలాంటివి. లాగితే విడిపోతాయి. అతను లాగలేదు.

"ఒకసారి కాలు చూస్తారా?" అని అడిగాను.

"దానికి మీ ఎముకల డాక్టర్ ఉన్నారు కదా," అన్నాడు. ఆందోళన తగ్గడానికి మాత్రలు రాసి ఇచ్చాడు.

కార్‌లో కూర్చున్నాక నేను వంశీతో ఒకటే అన్నాను: "నేను నీ పక్కనే ఉన్నాను. నా గురించి అతన్నెందుకు నవ్వనిచ్చావు?"

"డాక్టరే ఏం లేదంటుంటే నీకు మంచిగ లేదా? ఏదన్నా ఉండాల్నా నీకు?" అన్నాడు.

అరవాలనుకున్నాను. అరవడానికి ఊపిరి లేదు.

మరుసటి రోజు పొద్దున్న వంశీ ఆఫీస్‌కి వెళ్లిపోయాడు. నేను మంచినీళ్ల కోసం వంటగది దాకా వెళ్లాను. కళ్ల ముందు అంచుల నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. తరువాత గుర్తున్నది చెంపకి తగిలిన చల్లటి టైల్స్, అత్తమ్మ గొంతు. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి ఉంటే అతను మళ్లీ "ఏం కాదమ్మా" అనేవాడేమో. చేయలేదు. తిన్నగా అంబులెన్స్ కోసం 911 కొట్టారు. ఆవిడకి ఇంగ్లీష్ పెద్దగా రాదు. "మై డాటర్. నో బ్రీత్. కమ్, కమ్," అని, మా అడ్రస్ తెలుగు యాసలోనే గట్టిగా రెండుసార్లు చెప్పారు. అవతలివాళ్లకి అర్థమైంది. వచ్చారు.

ఎమర్జెన్సీలో గదులు ఖాళీ లేక నన్ను వరండాలో మంచం మీదే ఉంచారు. ఆక్సిజన్ గొట్టం ముక్కులో పెట్టారు. ఒక నర్సు వేడి పెట్టెలోంచి తీసిన దుప్పటి తెచ్చి కప్పి, ఇంకొకటి అడక్కుండానే అత్తమ్మ భుజాల చుట్టూ కప్పింది. అత్తమ్మ అప్పటిదాకా ఇంటి చెప్పులతోనే ఉన్నారని నాకు అప్పుడే కనిపించింది.

వచ్చిన డాక్టర్ చిన్నమ్మాయి. నేను చెప్పడం మొదలుపెట్టగానే, వింటూనే, బ్రేస్ పట్టీలు ఒక్కొక్కటీ లాగేసింది. చర్ చర్‌మని చప్పుడు. పిక్క మీద చెయ్యి వేసింది. ఆమె ముఖం మారిపోయింది.

"గర్భనిరోధక మాత్రలు ఏమైనా వాడుతున్నారా?"

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. పిల్లల గురించి అడిగినప్పుడల్లా "చూద్దాం అత్తమ్మా" అని దాటేస్తూ వచ్చాం మేం. ఆ ప్రశ్నలో ఏ ముక్క ఆవిడకి అర్థమవుతుందోనని ఒక్క క్షణం, అంత ఆయాసంలో కూడా, భయపడ్డాను. "అవును," అన్నాను.

అత్తమ్మకి అర్థమైంది. నా వైపు చూశారు. "గా ముచ్చట తర్వాత. ముందు నువ్వు బతుకు," అన్నారు. చెయ్యి వదల్లేదు.

స్కాన్‌లో తేలింది. కాలిలో కట్టిన రక్తపు గడ్డలు విడిపోయి పైకి ప్రయాణించి, రెండు ఊపిరితిత్తుల్లోనూ ఇరుక్కున్నాయి. ఇంకొంత ఆలస్యం అయితే ఏమయ్యేదో డాక్టర్ చెప్పలేదు. నేను అడగలేదు. "ఇంతకుముందు ఎవరైనా చూశారా మిమ్మల్ని?" అని మాత్రం అడిగింది. ఎవరెవరు చూశారో చెప్పాను. ఆమె నోరు గట్టిగా బిగించుకుని, "మీ ఒంటి మాట మీరు సరిగ్గానే విన్నారు," అంది. అన్ని రోజుల్లో నన్ను నమ్మిన మొదటి డాక్టర్ ఆమె. అప్పుడు ఏడిచాను, గుండె నొప్పి పుట్టేలా.

వంశీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. గొట్టాలు చూసి గోడకి ఆనుకుని ఏడ్చాడు. అతన్ని ఓదార్చాలని అందరూ నా వైపు చూసినట్టనిపించింది. ఓదార్చలేదు. నాకున్న ఊపిరి నాకే చాలడం లేదు.

ఏప్రిల్, మే

రక్తం పలచబరిచే మాత్రలతో ఇంటికొచ్చాను. ఒంటికి నయం అవుతుందని తెలుసు గానీ, భయానికి ఆ సంగతి తెలియదు. పిక్క మీద చీమ కుట్టినా గుండె ఆగేది. పడుకుంటే ఊపిరి ఆగిపోతుందేమోనని దిండ్లకి ఆనుకుని కూర్చునేదాన్ని. ఇలాంటిది వచ్చినవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఆ భయం మీ ఒక్కరిదే కాదు. నెమ్మదిగా పోతుంది. నాకు పోయింది, చాలావరకు.

ఫోన్లు వచ్చాయి. "చూశావా, ఆ మంచులో ఆటలు మనకెందుకు?" ఒకరు. "ఆ మాత్రలు వేసుకుంటే ఇలాగే అవుతుంది, దేవుడు ఇచ్చినప్పుడు కనాలి," ఇంకొకరు. తప్పు కొండదట, మాత్రదట, నాదట. కాలు చూడని డాక్టర్‌ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఒక మధ్యాహ్నం బీరకాయ తొక్కు తీస్తూ అత్తమ్మ తనంతట తనే ఆ ముచ్చట ఎత్తారు. "మాత్రలేసుకున్నందుకు నాకు కోపం రాలే. నాకు చెప్పనందుకు వచ్చింది. నేనేమన్న పరాయిదాన్నా?" ఇంకో కాయ అందుకుని, "ఇగ మీద పిల్లలెప్పుడని ఎవరన్నా అడిగితే ఫోన్ నాకియ్యి. నేను మాట్లాడుత," అన్నారు. అన్నంత పనీ చేశారు. మా పిన్ని మళ్లీ ఫోన్ చేయలేదు.

వంశీతో మాత్రం చాలా రోజులు మామూలుగా ఉండలేకపోయాను. వంట చేశాడు, మాత్రలు అందించాడు, సెలవు పెట్టాడు. అన్నీ చేశాడు. అయినా అతను నవ్విన ఆ నవ్వు నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఒకరోజు నడకకి వెళ్లినప్పుడు తనే అన్నాడు:

"నాకు బాగ భయమైంది ప్రసన్నా. డాక్టర్ ఏం లేదనంగనే ధైర్యమొచ్చింది. అందుకే ఆయన మాట పట్టుకున్న."

"నీ ధైర్యం కోసం నా మాట వదిలేశావు," అన్నాను.

ఏదో ఒక సాకు చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. ఆ రోజు ఇంటిదాకా పక్కపక్కనే నడిచాం. అది క్షమించడమో కాదో నాకు తెలియదు.

జూన్

అర్జెంట్ కేర్‌కి ఫిర్యాదు పంపాను. బదులు వచ్చింది: మీకు అలా అనిపించినందుకు చింతిస్తున్నాం అని. అనిపించడం! రెండు ఊపిరితిత్తుల్లో గడ్డలు నాకు అనిపించాయట.

అదే రోజు బయల్దేరాను. వంశీ కారు తాళాలు తీసుకుని నా వెనకే వచ్చాడు. మేనేజర్ అనే ఆవిడ మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టింది. నేను మొత్తం చెప్పాను. విన్నది. విని, వంశీ వైపు తిరిగి, "మరి ఆమె మా నుంచి ఏం ఆశిస్తున్నారు?" అని అడిగింది.

వంశీ ముఖం ఎర్రబడింది. "ఆమె ఇక్కడే ఉంది. ఆమెనే అడగండి," అన్నాడు. "ఆ రోజు కూడా మీ డాక్టర్ నన్నే అడిగాడు. నేను వాగిందే రాసుకున్నాడు. నేను వాగకుండా ఉండాల్సింది. ఆయన అడగకుండా ఉండాల్సింది."

మేనేజర్ నా వైపు తిరిగింది.

"డాక్టర్‌ని పిలవండి," అన్నాను. ఇప్పుడు పేషెంట్లు ఉన్నారంది. ఉంటానన్నాను. సంగతి అతనికి చేరవేస్తానంది. నేనే చెప్పుకుంటానన్నాను. అదే వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. ఎవరో పసిబిడ్డ మా వైపు చూసి నవ్వుతుంటే వంశీ ఆడించాడు. వెళ్లిపోతామని చూశారు. వెళ్లలేదు.

చివరికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. అదీ మంచిదే అయింది, మొదటి నుంచి చెప్పే అవకాశం దొరికింది. కొండ, బ్రేస్, పిక్క, ఆయాసం, వేలికి పెట్టిన క్లిప్, అతని నవ్వు, వంటగది నేల. వినడం తప్ప అతనికి చేయడానికి ఏమీ లేదు, చేతిలో కంప్యూటర్ లేదు. "బ్రేస్ విప్పి చూడండి అని అడిగాను. మీరు చూడలేదు. కాలికి కట్టుతో, ఆయాసంతో ఎవరైనా వస్తే, ఆ కట్టు విప్పి చూడండి. నేను అడగడానికి వచ్చింది అదొక్కటే," అన్నాను.

అతను నేల వైపు చూశాడు. లాయర్లు సారీ అనొద్దని చెప్పి ఉంటారని నాకు తెలుసు, ఆ మాట కోసం నేను ఎదురుచూడలేదు. తల ఎత్తి, నా ఎడమ కాలు చూసి, మెల్లగా అడిగాడు: "ఇప్పుడు మీ కాలు ఎలా ఉంది?"

"ఇది మీరు మార్చిలో అడగాల్సిన ప్రశ్న," అని లేచి నిలబడ్డాను.